సింక్ కింద ఫిల్టరు: చెయ్యి దూరే చోటుంటేనే కొనండి

మా అపార్ట్‌మెంట్‌లో వంటిల్లు మళ్ళీ చేయించుకుంటున్న ప్రతివాళ్ళూ ఈ మధ్య గోడ మీది ఫిల్టరు పీకించి సింక్ కింద పెట్టించుకుంటున్నారు. ఇంటీరియర్ వాళ్ళు గీసిచ్చే బొమ్మల్లో గోడకు వేలాడే తెల్ల డబ్బా ఎక్కడా ఉండదు. గ్రానైట్ మీద సన్నటి స్టీలు నల్లా ఒక్కటి మెరుస్తూ ఉంటుంది, మిగతా సరంజామా అంతా తలుపు వెనక. మేమూ పెట్టించుకున్నాం, ఏడాది దాటింది. నీళ్ళ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ దీన్ని కొనేటప్పుడు జనం అడిగే ప్రశ్నలు (ఎన్ని స్టేజీలు, అంటే ఎన్ని వడపోతలు, రాగి ఉందా, ఆల్కలైన్ ఉందా) ఒకటి, అడగాల్సినవి ఇంకొకటి. కంటికి కనబడకుండా పెట్టిన వస్తువును ఎవరూ పట్టించుకోరు. అందుకే నేను చూసిందల్లా రెండే: లోపలికి నా చెయ్యి దూరుతుందా, పాడైన భాగం ఏ కొట్లోనైనా దొరుకుతుందా.

మాది హూడి దగ్గర. బెంగళూరు నీళ్ళంటే అందరూ కావేరి అంటారు కానీ తూర్పు వైపు ఉండేవాళ్ళకు కథ వేరు. తొరెకాడనహళ్ళి నుంచి వంద కిలోమీటర్లు ఎత్తిపోసుకుంటూ తెచ్చే ఆ నీళ్ళు నగరంలో తర్వాత కలిసిన 110 గ్రామాలకు ఇవ్వాలని కావేరి ఐదో దశ 2024 అక్టోబరులో మొదలుపెట్టారు. మా బిల్డింగుకు కనెక్షన్ వచ్చింది, నీళ్ళు మాత్రం రోజు విడిచి రోజు, అదీ కాసేపు. కాబట్టి మా సంపులో మూడు రకాలు కలుస్తాయి: కొంచెం కావేరి, ఎక్కువగా మా బోరు, ఎండాకాలం వస్తే ట్యాంకరు. ట్యాంకరువాడు ఎక్కడి బోరులో నింపుకొస్తాడో ఆ దేవుడికే తెలియాలి. మా ఆడపడుచు కావేరి నీళ్ళొచ్చే జయనగర్‌లో ఉంటుంది. వాళ్ళింట్లో మీటరు పెడితే టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల లెక్క) రెండొందల లోపే. మా వంటింటి నల్లా దగ్గర ఒక నెల ఆరొందలు, ఇంకో నెల తొమ్మిదొందలు. ఒకే ఊళ్ళో ఉన్నామని ఆమె కొన్న ఫిల్టరే నేనూ కొనాలంటే ఎట్లా?

ఈ టీడీఎస్ పిచ్చి గురించి ఒక మాట. మా సొంతూరు నల్గొండ జిల్లా మునుగోడు వైపు. ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగిపోయినవాళ్ళను చూస్తూ పెరిగినదాన్ని. పటిక, సున్నం కలిపి నీళ్ళలోని ఫ్లోరైడును దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు తయారుచేస్తే దానికి పేరే నల్గొండ టెక్నిక్ అని పెట్టారు. మా జిల్లాకు దక్కిన ఖ్యాతి అట్లాంటిది. ఫ్లోరైడున్న నీళ్ళు చూడ్డానికి తేటగా ఉంటాయి, రుచిలో తేడా తెలియదు, టీడీఎస్ మీటరు దాన్ని విడిగా చూపించదు. ఆ మీటరు కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందనేది. దాన్నిబట్టి కరిగిన ఉప్పులు మొత్తం ఎన్ని ఉంటాయో ఒక అంచనా కట్టి చెబుతుంది. ఆ ఉప్పుల్లో సున్నం ఎంత, నైట్రేటు ఎంత, ఫ్లోరైడు ఎంత అంటే దానికి తెలియదు. క్రిముల సంగతి అసలే తెలియదు. మా అత్తమ్మకు ఈ లెక్కలన్నీ చెప్పబోతే ఒక్క మాటతో తేల్చేసింది: "నీళ్ళు చూస్తే తెలుస్తదా బిడ్డా? తాగి ఇరవై ఏండ్లైనంక ఎముకలు చెప్తయ్." కాచి తాగితే ఫ్లోరైడు పోతుందనే నమ్మకం మా వైపు ఇంకా ఉంది. పోదు. నీరు కొంత ఆవిరైపోయి మిగిలినదాంట్లో అది ఇంకాస్త చిక్కబడుతుంది.

అందుకని కొట్టుకు పోకముందే ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబుకు ఒక సీసా నీళ్ళిచ్చాను. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే వచ్చింది, ఊపిరి పీల్చుకున్నాం. నైట్రేటు మాత్రం 60 దాటింది. తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేటు 45 మించకూడదు. టీడీఎస్‌కు 500 మంచిది, వేరే దిక్కులేకపోతే 2000 దాకా ఒప్పుకుంటామని సడలింపు ఉంది. ఫ్లోరైడుకు కూడా 1 నుంచి 1.5 దాకా ఇచ్చారు. నైట్రేటుకు అట్లాంటి సడలింపు లేదు. మురుగు భూమిలోకి ఇంకే చోట బోర్లలో ఇది పెరుగుతుంది, బెంగళూరులో కొత్త సంగతేమీ కాదు. పసిపిల్లలకు మరీ చెరుపు. మా తోడికోడలు కాన్పుకని మా ఇంట్లోనే ఉండబోతోంది కాబట్టి నిర్ణయం అక్కడే అయిపోయింది. క్రిముల్ని చంపే యూవీ దీపం నైట్రేటును ఏమీ చెయ్యదు, వాసన లాగే కార్బన్ చెయ్యదు, క్రిముల్ని ఆపే యూఎఫ్ పొర చెయ్యదు. నీళ్ళను ఒత్తిడితో సన్నటి పొరలోంచి నెట్టి ఉప్పుల్ని వేరుచేసే ఆర్వో కావాల్సిందే.

జయనగర్‌లో ఉంటే ఆర్వో కొనేదాన్నే కాదు. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కూడా టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వో వద్దనే చెప్పింది. మా ఆడపడుచుకు మట్టిని ఆపే సెడిమెంటు ఫిల్టరు ఒకటి, ఒక కార్బన్, ఒక యూఎఫ్ చాలు. ఆ మాట అంటే "నీకు ఆరు స్టేజీలు, నాకు మూడా వదినా?" అని మూతి ముడుచుకుంది.

మా బిల్డింగులో సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంది. అది ఉంది కాబట్టి ఆర్వో అక్కర్లేదని మా అసోసియేషన్ సెక్రటరీ గారు మీటింగులో గట్టిగా వాదించారు. సాఫ్ట్‌నర్ చేసే పని నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం తీసుకుని సోడియం ఇవ్వడం. గీజరుకు మంచిది, జుట్టుకు మంచిది, సబ్బు నురుగొస్తుంది. టీడీఎస్ దాదాపు అంతే ఉంటుంది, ఉప్పు రకం మారుతుంది. దాంట్లో ఉప్పు వెయ్యడం మర్చిపోయిన వారం మా ఇంట్లో కందిపప్పు కుక్కరులో ఎన్ని విజిల్స్ వేసినా పలుకుపలుకుగానే ఉంటుంది, అట్లా కనిపెడతాం.

ఇక అమ్మేవాళ్ళు. ఒక పెద్ద షోరూం నుంచి కుర్రాడొకడు టై కట్టుకుని ఇంటికొచ్చాడు. రెండు గ్లాసుల్లో మా నల్లా నీళ్ళు ఒకటి, తన మెషీన్ నీళ్ళు ఒకటి పోసి, కడ్డీలున్న ఒక పరికరం ముంచి కరెంటు పెట్టాడు. మా నీళ్ళు నిమిషంలో తుప్పు రంగు తిరిగి మడ్డి కట్టాయి, వాడివి తేటగానే ఉన్నాయి. "చూశారా మేడం, మీరు తాగుతున్నది ఇదీ!" అన్నాడు. ఆ మడ్డి మన నీళ్ళది కాదు, వాడి ఇనుప కడ్డీది. నీళ్ళలో ఉప్పులుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరుగుతుంది, తుప్పై తేలుతుంది. ఆర్వో నీళ్ళలో ఉప్పులు బాగా తక్కువ కాబట్టి కరెంటు పెద్దగా పారదు. ఆ ఆర్వో గ్లాసులోనే చిటికెడు వంటుప్పు వేసి మళ్ళీ ముంచమన్నాను. కుర్రాడు పరికరం సంచిలో పెట్టేసుకున్నాడు. కాఫీ ఇచ్చి పంపించాం, వాడి పొట్టకూటి పని వాడిది.

కంపెనీ మోడళ్ళు కూడా చూశాను. కెంట్ ఎక్సెల్ ప్లస్, ఏ.ఓ.స్మిత్ జెడ్2 ప్లస్ లాంటివి సింక్ కిందికనే తయారైనవి. పద్ధతుల్లో తేడాలున్నాయి, కెంట్‌లో యూవీ దీపం ఉంటే, స్మిత్‌లో దాని బదులు వెండి పట్టించిన పొర వాడతారు. అన్నీ ఒక డబ్బాలో పొందికగా ఉంటాయి, బయట గొట్టాలు కనబడవు, చూడముచ్చటగానే ఉంటాయి. నాకు నచ్చనిది ఒకటే: చాలా కంపెనీల కార్ట్రిడ్జి (అప్పుడప్పుడూ మార్చాల్సిన లోపలి ఫిల్టరు) వాళ్ళ డబ్బాకే పడుతుంది. నేను ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను, ఏ వస్తువైనా కొన్న రోజు ధర కంటే తర్వాత ఐదేళ్ళూ అది తినే ధర చూడటం అలవాటు. ఒక కంపెనీ డీలరు ఏడాది మెయింటెనెన్స్‌కు ఐదున్నర వేలు చెప్పాడు. అందులో ఏమేం మారుస్తారని అడిగితే మెంబ్రేన్, అంటే ఆర్వోలోని అసలు పొర, దానికిందికి రాదట.

చివరికి హూడిలోనే ఒక చిన్న కొట్లో విడి భాగాలతో కట్టించిన సెట్టు తీసుకున్నాం. పది అంగుళాల గిన్నెలు మూడు (ఒకటి దూదిలాంటి స్పన్ ఫిల్టరుకు, రెండు కార్బన్‌కు), 80 జీపీడీ మెంబ్రేన్, 24 వోల్టుల పంపు, దానికి అడాప్టరు, ప్రెషర్ ట్యాంకు, చివర ఒక యూఎఫ్, ఒక పోస్ట్ కార్బన్. బిగింపుతో కలిపి పద్నాలుగు వేలు. ఈ భాగాలన్నీ దేశమంతా ఒకే కొలతలో దొరుకుతాయి. రేపు ఈ కొట్టు మూసేసినా పక్క వీధిలో కొనుక్కోవచ్చు. 80 జీపీడీ అంటే రోజుకు మూడొందల లీటర్లు, గంటకు పన్నెండు. అది పెట్టె మీది లెక్క. మా నీళ్ళకు అంతకంటే తక్కువే వస్తుంది, నలుగురికి అది కూడా ఎక్కువే.

పంపు సంగతి విడిగా చెప్పాలి. మా ఆయన అమెరికా వీడియోలు చూసి, కరెంటు అక్కర్లేని సింక్ కింది ఆర్వో తెప్పిద్దామన్నాడు. అక్కడ ఊరి పైపులోనే 40, 60 పీఎస్ఐ ఒత్తిడి వస్తుంది, మెంబ్రేన్‌కు ఆ నెట్టుడు చాలు. మనకు నీళ్ళొచ్చేది మిద్దె మీది ట్యాంకు నుంచి. పది మీటర్ల ఎత్తుకు దగ్గరదగ్గర 14 పీఎస్ఐ వస్తుంది. మేముండేది పై నుంచి రెండో అంతస్తు, ట్యాంకు మా నెత్తిమీదే ఉన్నట్టు లెక్క. పంపు లేకపోతే మెంబ్రేన్ నుంచి చుక్కలు పడతాయంతే. పెద్ద అపార్ట్‌మెంట్లలో ప్రెషర్ పంపులు వేసి నీళ్ళు పంపేచోట కొంచెం నయం. అప్పుడు కూడా పంపు ఉన్నదే తీసుకోమంటాను, ఇంత ఉప్పున్న నీళ్ళను నెట్టడానికి ఒత్తిడి ఎక్కువుంటేనే మంచిది.

బిగించడానికి వచ్చినతను మదనపల్లి మనిషి. మొదట నేను వెనక గోడకు పెట్టమన్నాను, బకెట్లకు ముందు చోటు మిగులుతుందని. అతను వంగి టార్చి వేసి చూసి, "ఆడ పెట్టమంటే పెడతా అక్కా. మళ్ళా కార్ట్రిడ్జి మార్చేటప్పుడు మీరు లోపలికి పడుకోవాల, సింక్ పైపు మొగానికి తగులుతాది" అన్నాడు. తలుపు పక్క గోడకే పెట్టించాం. గిన్నెల కింద మూడంగుళాల ఖాళీ వదిలాడు. గిన్నె తిప్పి కిందికి దించడానికి అంత చోటు లేకపోతే స్పానరు పట్టుకుని కూర్చోవడమే. సింక్ కింద ఫిల్టరు ఎవరింట్లో చూసినా నేను ఇప్పుడు ముందు ఆ మూడంగుళాలే చూస్తాను. చాలామంది ఇళ్ళల్లో ఉండదు. సర్వీసు మనిషి మొత్తం సెట్టును గోడ నుంచి ఊడదీసి మారుస్తాడు, ప్రతిసారీ ఏదో ఒక గొట్టం కీలు వదులవుతుంది, పది రోజులకు ప్లైవుడ్ ఉబ్బుతుంది. తప్పు ఫిల్టరు మీద పడుతుంది.

గ్రానైట్‌కు బెజ్జం వెయ్యడం గురించి భయపడ్డాం కానీ నీళ్ళు పోస్తూ డైమండ్ బిట్‌తో పావుగంటలో అయిపోయింది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ముందు ఓనరును అడగండి, అడ్వాన్సులో పట్టుకునే వాళ్ళున్నారు. కరెంటు ప్లగ్గు సింక్ కింద పెట్టనివ్వలేదు నేను. అడాప్టరు ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది, బొద్దింకలకు అంతకంటే మంచి కాపురం ఉండదు; పైగా ఎక్కడైనా కారితే నేరుగా దాని మీదే. వైరు పైకి లాగించి మిక్సీ ప్లగ్గు పక్కన పెట్టించాం. నేల మీద చిన్న లీక్ స్టాపర్ ఒకటి పెట్టించాను. దాంట్లో ఒక బిళ్ళ ఉంటుంది, తడి తగిలితే ఉబ్బి నీళ్ళొచ్చే గొట్టాన్ని మూసేస్తుంది. మూడు నాలుగొందల వస్తువు. గోడ మీది ఫిల్టరు కారితే కళ్ళెదుటే కారుతుంది. ఇది తలుపు వెనక కారుతుంది కాబట్టి ఈ ఖర్చుకు వెనకాడొద్దు.

ప్రెషర్ ట్యాంకు మీద 12 లీటర్లని రాసి ఉంటుంది, నిండేది ఎనిమిదో తొమ్మిదో. లోపల రబ్బరు తిత్తి, దాని చుట్టూ గాలి. ఆ గాలే నీళ్ళను పైకి నెడుతుంది, నల్లా తిప్పగానే జోరుగా వస్తాయి. తిత్తి ఖాళీగా ఉన్నప్పుడు గాలి 7 పీఎస్ఐ దగ్గర ఉండాలి. కొన్నాళ్ళకు ధార సన్నబడితే చాలామంది మెంబ్రేన్ పోయిందనుకుని కొత్తది వేయిస్తారు. ట్యాంకు అడుగున సైకిలు ట్యూబుకుండే లాంటి వాల్వు ఉంటుంది, నీళ్ళన్నీ వదిలేసి సైకిలు పంపుతో గాలి కొట్టుకుంటే సరిపోయే సందర్భాలే ఎక్కువ. మాకు కూడా అట్లాగే సరిపోయింది.

యూవీ ఎందుకు వద్దన్నానో అడిగారు కొందరు. నిల్వ ఉన్న నీళ్ళలో క్రిములు మళ్ళీ పెరగొచ్చు, యూవీ చేసే పని దాని ముందు నుంచి నీళ్ళు పారేటప్పుడే. దీపం ట్యాంకుకు ముందు పెడితే లాభం సగమే, ట్యాంకు తర్వాత పెడితే ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. పైగా ఏడాది తర్వాత ఆ దీపం నీలంగా వెలుగుతూనే ఉంటుంది కానీ పదును తగ్గిపోతుంది, చూస్తే తెలియదు. మెంబ్రేన్ ఎట్లాగూ ఉంది కాబట్టి ట్యాంకు తర్వాత యూఎఫ్ చాలనుకున్నాం.

ఒక చిన్న గొడవ మాత్రం అయింది. బిగించినతను టీడీఎస్ కంట్రోలరు మరను తిప్పి 150 దగ్గర పెట్టాడు. "రుచి ఉంటాది అక్కా, మినరల్స్ ఉంటాయి" అన్నాడు. ఆ మర చేసే పని పచ్చి నీళ్ళను మెంబ్రేన్ పక్క నుంచి కొంచెం తెచ్చి కలపడం. మినరల్స్‌తో పాటు నైట్రేటూ వస్తుంది. ఏ నైట్రేటు కోసం ఇంత ఖర్చు పెట్టామో దాన్నే మళ్ళీ గ్లాసులోకి పిలుచుకోవడం ఎందుకు? పూర్తిగా మూయించాను. ఇప్పుడు 60 దగ్గర వస్తుంది. మొదటి వారం కాఫీ చప్పగా ఉందని మా ఆయన సణిగాడు, తర్వాత మర్చిపోయాడు. కాల్షియం పెరుగులో, రాగిపిండిలో దొరుకుతుంది. ల్యాబులో మళ్ళీ చూపిస్తే నైట్రేటు 15 లోపు వచ్చింది.

ఆర్వో ఉప్పుతో పాటు బయటికి వదిలేసే నీళ్ళ సంగతి సింక్ కింది ఫిల్టర్లలో మరీ మోసం. గొట్టాన్ని తీసుకెళ్ళి సింక్ డ్రెయిన్ పైపుకు క్లాంపు వేసేస్తారు. ఎంత పోతోందో కనబడదు, వినబడదు. నేను ఆ గొట్టాన్ని గోడ వెంబడి యుటిలిటీలోకి లాగించి డ్రమ్ములో పడేట్టు చేయించాను. కొలిస్తే ఒక లీటరు మంచినీళ్ళకు రెండున్నర, మూడు లీటర్లు పోతున్నాయి. ఇల్లు తుడవడానికి, బాత్రూంలో పొయ్యడానికి వాడుతున్నాం. ఎండాకాలంలో మొక్కలకు పొయ్యను. దాంట్లో ఉప్పు అసలు నీళ్ళకంటే ఎక్కువ, మా అత్తమ్మ కరివేపాకు చెట్టు ఆకులంచులు మాడినప్పుడు తెలిసొచ్చింది. ఆ రోజు నుంచి ఆ డ్రమ్ము మీద ఆమె సొంత చేత్తో "చెట్లకు వద్దు" అని రాసి పెట్టింది.

ఏడాది ఖర్చు: స్పన్ ఫిల్టరు రెండొందలు, మూడుసార్లు. కార్బన్లు రెంటికీ తొమ్మిదొందలు. యూఎఫ్, పోస్ట్ కార్బన్ కలిపి ఎనిమిదొందలు. మెంబ్రేన్ పద్దెనిమిదొందలు, రెండేళ్ళకొకటి అనుకుంటే ఏడాదికి తొమ్మిదొందలు. మనిషి వస్తే మూడొందలు. నాలుగు వేల లోపే. స్పన్ ఫిల్టరు నేనే మారుస్తున్నాను. నీళ్ళొచ్చే వాల్వు మూసి, ట్యాంకు వాల్వు మూసి, నల్లా తిప్పి ఒత్తిడి వదిలేసి గిన్నె తిప్పడమే. ట్యాంకరు నీళ్ళు ఎక్కువైన నెలల్లో అది ముందే ఎర్రగా అయిపోతుంది, తేదీ చూసి కాదు రంగు చూసి మార్చాలి. గిన్నెలు పారదర్శకంగా ఉన్నవి అడిగి తీసుకోండి. తెల్లవి అందంగా ఉంటాయి, లోపల ఏముందో చెప్పవు.

సెట్టుతో ఇచ్చిన నల్లా ఒక్కటి నాసిగా ఉంది. పూత లేచిపోయి ఆరు నెలలకే మెడ దగ్గర కారడం మొదలైంది. కొట్టాయన మార్చి ఇచ్చాడు, అదీ అంతే. తొమ్మిదొందలు పెట్టి విడిగా స్టెయిన్‌లెస్ స్టీలుది కొని వేయించాం. మీరు ఇట్లాంటి సెట్టు కట్టించుకుంటే నల్లా వద్దని చెప్పి ఆ డబ్బు తగ్గించమనండి, మాకు తర్వాత అడిగితే తగ్గించలేదు.